ఉప్పు వేసిన రాత్రే అమ్మోనియా పెరగడానికి కారణం

చేపపిల్లల తొట్టిలో ఉప్పు వేసిన రాత్రే అమ్మోనియా పెరిగిందని, నైట్రైట్ కూడా ఎక్కువగా ఉందని చెప్పి కారణం అడిగారు. తొట్టిలోకి అమ్మోనియాను తిరిగి వదిలింది, బహుశా, దానిని తగ్గించడానికి మీరు వేలాడదీసిన జియోలైట్ (అమ్మోనియాను పట్టుకునే ఖనిజ రాయి) సంచే. అందులోని క్లినోప్టిలోలైట్ అనే జియోలైట్ రకం తన సూక్ష్మరంధ్రాలలోని సోడియంను నీటికిచ్చి అమ్మోనియంను (నీటిలో ధనావేశంతో ఉండే అమ్మోనియా రూపాన్ని) పట్టుకుంటుంది. పరాన్నజీవులను చంపడానికి మీరు ఉప్పు వేయగానే నీటిలో సోడియం పెరిగి, ఆ మారకం వెనక్కి తిరిగింది. రాయి పాడవలేదు.

1. సంచిని వెంటనే బయటకు తీసి, క్లోరిన్ లేని నీటితో తొట్టిలో సగం నీటిని మార్చి, గాలి పంపును ఆపకుండా నడపండి.

2. చాలామంది మరిచేది ఇదే: ఉప్పు వేయడానికి ముందే సంచి బయటకు రావాలి, ఉప్పునీరంతా మార్చిన తరువాతే అది తిరిగి లోపలికి వెళ్లాలి. సంచిపై ఈ ఒక్క వాక్యం ముద్రించి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో జియోలైట్ అమ్మోనియాను అంతగా లాగలేకపోవడానికీ కారణం నీటిలోని ఈ సోడియమే.

3. బయటకు తీసిన రాయిని లీటరుకు 50 నుంచి 100 గ్రాముల కల్లుప్పు కలిపిన నీటిలో 24 గంటలు నానబెట్టి, నాలుగైదుసార్లు మంచినీటితో కడగండి. నానబెట్టిన నీటిలో అమ్మోనియా అంతా ఉంటుంది కాబట్టి దానిని చెరువులో పోయకండి.

4. నైట్రైట్ (అమ్మోనియా నుంచి బ్యాక్టీరియా తయారుచేసే, చేపలకు హాని చేసే పదార్థం) కూడా ఎక్కువగా ఉందన్నారు. అది రుణావేశం గల అయాన్ కనుక ఈ రాయికి చిక్కదు. దానికి నీటి మార్పిడి, బయోఫిల్టరే (మేలుచేసే బ్యాక్టీరియాతో నీటిని శుద్ధిచేసే ఫిల్టరే) మార్గం.