విజయవాడ వన్‌టౌన్ మీద పాతవాళ్లకు అంత మమకారం ఎందుకు?

ఇరుకు సందులు, బండి నిలిపే చోటు దొరకని బజార్లు ఉన్నా పాతవాళ్లు వన్‌టౌన్‌ను ఎందుకు వదలరన్నది ప్రశ్న. 1855లో కృష్ణపై ఆనకట్ట, 1893లో రైలు వంతెన పూర్తయ్యాక, కాలువలూ పట్టాలూ కలిసిన ఈ ఊరికి సరుకుతోపాటు మనుషులూ తరలివచ్చారు. ఇంద్రకీలాద్రి దిగువన గోదాములు, అచ్చాఫీసులు, బట్టల టోకు దుకాణాలు వెలిశాయి. రాజస్థాన్, గుజరాత్‌ల నుంచి వచ్చిన వర్తక కుటుంబాలు దీపావళికి కొత్త ఖాతా పుస్తకాలకు కుంకుమ పెట్టి లక్ష్మీపూజ చేస్తాయి. ఆ పూజ ముగియగానే తెలుగు గుమాస్తాల చేతిలో మిఠాయి పొట్లాలు పడతాయి. హిందీలో మొదలైన బేరం సగంలో తెలుగులోకి దిగి, "ఇంకో పది తగ్గించండి" దగ్గర తేలుతుంది. నా మటుకు అసలు ఆకర్షణ గుడులూ కట్టడాలూ కాదు, పొద్దున్నే నూనెలో పొంగే కచోరీల పక్కనే ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లేచే ఆవిరి.