సీజేఐ (భారత ప్రధాన న్యాయమూర్తి) కాబోయే జడ్జి మీద ఫిర్యాదు వస్తే నియామకం ఆగుతుందా? మామూలు జనం అభ్యంతరం చెప్పొచ్చా?

ఆగాలన్న రూలేమీ లేదు. అమెరికా సెనేట్‌లోలాగా కాబోయే జడ్జిని అందరి ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగే పద్ధతి మనకు లేదు. దిగిపోయే సీజేఐ తన తర్వాత సుప్రీంకోర్టులో అందరికంటే సీనియర్ జడ్జి పేరు రాసి పంపుతారు, కేంద్రం ముందుకు కదుపుతుంది, రాష్ట్రపతి నియమిస్తారు. 1973లో సీనియర్ జడ్జిలు ముగ్గురిని దాటించి ఎ.ఎన్. రేను, 1977లో సీనియర్ అయిన హెచ్.ఆర్. ఖన్నాను కాదని బేగ్‌ను ప్రభుత్వం సీజేఐగా కూర్చోబెట్టాక, సీనియారిటీ జోలికి వెళ్లాలంటేనే అందరికీ భయం.

నేను ఆంధ్రలో ఒక జిల్లా కోర్టు లాయర్‌ని. మీరడిగిన పరిస్థితి మాకు 2020లో ఎదురైంది. అక్టోబరు 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి, సీజేఐ బోబ్డేకు లేఖ రాశారు. తర్వాతి వరుసలో ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ మా హైకోర్టు వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటున్నారన్నది ప్రధాన ఆరోపణ. నాలుగు రోజులకు ప్రభుత్వమే దాన్ని మీడియాకిచ్చింది.

ఇక బార్ అసోసియేషన్ హాల్లో రోజూ రచ్చే. ప్రజాప్రతినిధుల మీద కేసులు త్వరగా తేల్చే వ్యవహారం రమణ గారి బెంచి దగ్గరే ఉంది, సీఎం మీదా కేసులున్నాయి, ఈ టైమింగేంటని ఒక వర్గం. రాసిందెవరైతేనేం, రాసింది నిజమో కాదో చూడాలి కదా అని ఇంకో వర్గం. కరోనా వల్ల పని తక్కువ, వాదన ఎక్కువ. మధ్యలో కులం మాట దొర్లకుండా ముగిసిన చర్చ లేదు. క్లయింట్లు సైతం తమ వాయిదా సంగతి వదిలేసి, “ఆ ఉత్తరం ఏమైందండీ?” అనేవాళ్లు.

2021 మార్చి 24న సుప్రీంకోర్టు ప్రకటన వచ్చింది. ఫోన్‌లో స్క్రోల్ చేయాల్సిన పని కూడా లేదు, అంత చిన్నది. సీఎం ఫిర్యాదును ఇన్‌హౌస్ విధానం (జడ్జిల మీద ఫిర్యాదుల్ని న్యాయవ్యవస్థే లోపల చూసుకునే పద్ధతి) కింద పరిశీలించాం, కొట్టేశాం, ఆ వివరాలు గోప్యం. అదే రోజు బోబ్డే రమణ గారి పేరు సిఫార్సు చేశారు. ఏప్రిల్ 24న ఆయన ప్రమాణం చేశారు.

కొట్టేయడం తప్పని నేననను. గోప్యత ఎందుకో కూడా అర్థమవుతుంది. మా కోర్టులో ఓడిన ప్రతివాడూ జడ్జి అమ్ముడుపోయాడనే అంటాడు. కానీ ఎందుకు కొట్టేశారో ఒక పేరా రాసుంటే బాగుండేది. రాయనందుకు ఎక్కువ నష్టం రమణ గారికే. ఆరోపణల లేఖ ఊరంతా చదివింది, దాన్ని తోసిపుచ్చిన కారణాలు ఎవరూ చదవలేదు.

మీరు కూడా సీజేఐకో రాష్ట్రపతికో ఫిర్యాదు పంపొచ్చు. జడ్జిని తొలగించడం మాత్రం పార్లమెంటు పని. నోటీసుకే లోక్‌సభలో 100 మంది, లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలు కావాలి. 2018లో సీజేఐ దీపక్ మిశ్రా మీద రాజ్యసభలో సంతకాలు సరిపడా వచ్చినా, ఛైర్మన్ వెంకయ్యనాయుడు నోటీసు దశలోనే తిరస్కరించారు. కాబట్టి రాసేదేదో తేదీలు, కాగితాలతో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. జవాబు కోసం మాత్రం ఎదురుచూడకండి.