మీరడిగారు: 'డౌర్' అంటే ఏడుపు మొహమేనా?

ప్రశ్న: ఒక ఇంగ్లీష్ నవలలో ఓ ముసలాయన్ని 'డౌర్' (dour) అని వర్ణించారు. డిక్షనరీ చూస్తే ఒకచోట 'కఠినమైన' అని, ఇంకోచోట 'దిగులుగా ఉండే' అని ఉంది. ఇంతకీ ఆయన కోపిష్టా, బాధలో ఉన్నాడా? పులుపును చెప్పే 'సవర్'కు ఇది చుట్టమా? ఎలా పలకాలి?

జవాబు: కోపమూ కాదు, బాధా కాదండీ. ఆయన గట్టి పిండం, అంతే.

ఈ మాట స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ జనం నోట 14వ శతాబ్దం నుంచీ ఉంది. లాటిన్‌లో 'గట్టి' అనే అర్థమున్న 'డూరుస్' దీనికి మూలమై ఉంటుందని పండితులు అంటారు. నేరుగా వచ్చిందా, గేలిక్ భాష మీదుగా వచ్చిందా అన్నదే తగువు. మనం వాడే 'డ్యూరబుల్', 'ఎండ్యూర్' ఆ ఇంటివే. బెదిరించి సంతకం పెట్టించారని వాదించేటప్పుడు లాయర్లు చెప్పే 'డ్యూరెస్' కూడా. 'సవర్'ది వేరే వంశం, ప్రాస కలిసిందంతే.

మొదట ఉన్నది కాఠిన్యం, మొండితనం. దిగులు ఛాయ తర్వాత చేరింది. నవ్వకుండా, లొంగకుండా, పది అడిగితే ఒక్క ముక్క చెప్పే మనిషిని చూస్తే ఎదుటివాళ్లకు మబ్బు పట్టినట్టే ఉంటుంది మరి. స్కాట్లండ్‌లో ఈ మాట మనుషులతో ఆగలేదు. సాగుకు లొంగని నేల డౌర్, ఎర ముట్టని చేప డౌర్. ఆ చేపకు దిగులేముంటుంది చెప్పండి!

క్రికెట్ రాతల్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలేస్తూ, వికెట్ల మీదకొచ్చినదాన్ని కాళ్ల దగ్గరే చంపేస్తూ గంటల తరబడి నిలబడే బ్యాటింగ్‌ను డౌర్ అంటారు. యార్క్‌షైర్ ఓపెనర్ జెఫ్రీ బాయ్‌కాట్‌కు ఆ విశేషణం అతుక్కుపోయింది. 1967లో లీడ్స్‌లో భారత్ మీద 246 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. మరీ నిదానంగా ఆడాడని తర్వాతి టెస్టుకు పక్కన పెట్టారు! ఆ ఇన్నింగ్స్‌లో విచారం ఎవరికైనా ఉంటే మన బౌలర్లకే ఉండి ఉంటుంది.

అందుకే అనువాదాల ప్రూఫుల్లో డౌర్‌కు 'విచారవదనుడు' అని కనిపిస్తే కొట్టేస్తాను. 'ధుమధుమలాడే' కూడా నప్పదు, అందులో చిటపట ఉంది. 'ముభావంగా ఉండే' కొంత దగ్గరే గానీ మెత్తన. మీ ముసలాయనకు 'బిగదీసుకున్న మనిషి' అంటే సరిపోతుందని నా లెక్క.

ఇక పలకడం. స్కాట్లండ్‌లో 'డూర్', 'టూర్'కు ప్రాస. 'పవర్'లా 'డవర్' అనేవాళ్లూ బోలెడుమంది. డిక్షనరీలు రెండూ ఒప్పుకుంటాయి. నా ఓటు మాత్రం 'డూర్'కే, పుట్టింటి పలుకుబడి కదా. 'డోర్' అని మాత్రం అనకండి, తలుపైపోతుంది.