మొక్కల కంటే ముందు మనుషుల్ని పోగెయ్యి

అమ్మాయ్,

మీ ఇళ్ల మధ్య ఖాళీగా పడున్న స్థలాన్ని అందరూ కలిసి పార్కులా చేసుకుందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టాలి పెదనాన్నా అని అడిగావు చూడు, చాలా సంతోషమేసింది, అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలెయ్యకుండా కూర్చుని రాస్తున్నా.

నర్సరీకి అప్పుడే వెళ్లకు. ముందు చుట్టుపక్కల ఇళ్లకి వెళ్లి ఒక్కొక్కళ్లనీ అడుగు, ఏ టైమ్‌కి వస్తారు, వస్తే ఏం చేస్తారు అని. పెద్దవాళ్లు వీపు ఆనించుకునే బెంచీ అడుగుతారు, చిన్నపిల్లల తల్లులు నీడ, లైట్లు, గేటు అడుగుతారు. టీనేజీ పిల్లల్ని మాత్రం ఎవరూ అడగరు, నువ్వు తప్పకుండా అడుగు, వాళ్లకి చోటు ఇస్తే సాయంత్రాలు ఆ పార్కుని చూసుకునేది వాళ్లే.

తర్వాత స్థలం కాగితాలు. అది ఎవరిదో కనుక్కుని ఎన్నేళ్లు వాడుకోవచ్చో రాతపూర్వకంగా తీసుకో, నోటిమాట మీద చెట్లు పెట్టొద్దు. న్యూయార్క్‌లో 1973లో లిజ్ క్రిస్టీ అనే ఆవిడ, ఆవిడ స్నేహితులూ చెత్తతో నిండిన ఒక స్థలాన్ని శుభ్రం చేసి తోట మొదలెట్టారు, మరుసటి ఏడాదే నగరం దాన్ని నెలకి 1 డాలర్ అద్దెకి వాళ్లకి ఇచ్చింది, ఆ తోట ఇప్పటికీ ఉంది. చెమటతో పాటు ఆ కాగితం కూడా ఉండబట్టే నిలబడిందని నా నమ్మకం.

డబ్బుల గురించి భయపడకు. ఫిలడెల్ఫియాలో పాడుబడ్డ ఖాళీ స్థలాల మీద ఒక స్టడీ జరిగింది, 2018లో వచ్చింది, అక్కడ చేసిందల్లా చెత్త తీసి, గడ్డి వేసి, కొన్ని చెట్లు నాటి, చిన్న కంచె కట్టడమే. మనసు బాగోలేదు, డిప్రెషన్‌గా ఉంది అని చెప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల సుమారు 41 శాతం తగ్గారు. ఫౌంటెన్లు, బొమ్మలు ఏమీ లేవు అక్కడ! ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కూడా ఇంటికి 300 మీటర్ల లోపు పచ్చటి చోటు ఉండాలనే అంటుంది, అంటే దూరంగా ఉన్న పెద్ద పార్కు కన్నా నడిచి వెళ్లగలిగే చిన్నదే రోజూ పనికొస్తుంది.

ఆకుకూరలు, కూరగాయలు వేస్తే మాత్రం ముందు మట్టి టెస్ట్ చేయించు. పాత కట్టడాలున్న చోట పెయింట్ల వల్ల, రోడ్డు పక్కన పాత పెట్రోల్ పొగ వల్ల మట్టిలో సీసం ఉండొచ్చు, పిల్లలకి చాలా ప్రమాదం. ఉందని తేలితే గట్లు కట్టి బయటి నుంచి మంచి మట్టి పోయించి అందులోనే వేసుకోండి.

మియావాకీ అడవి, అదే చిన్న చోట మొక్కల్ని ఒత్తుగా నాటే జపాన్ పద్ధతి, అది వేద్దామంటున్నారని రాశావు కదా, చదరపు మీటరుకి మూడు నాలుగు మొక్కలు, బాగా దట్టంగా వస్తుంది, పక్షులకి మంచిదే, కానీ మనుషులు లోపల నడవలేరు, అందుకని రోడ్డు వైపు అంచున ఒక పట్టీలా వేసి మధ్యలో నీడనిచ్చే చెట్లు దూరదూరంగా పెట్టండి, మీ నేలలో సహజంగా పెరిగేవే, కరెంటు తీగల కింద మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు విషయం. నాటిన రోజు ఫోటోలకి అందరూ వస్తారు తల్లీ, మూడో ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లే పార్కు కట్టినవాళ్లు. చెట్టు నిలదొక్కుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కాబట్టి కుళాయి ఎక్కడుంది, ఏ వారం ఏ ఇంటివాళ్ల వంతు, తాళం ఎవరి దగ్గర, ఇవన్నీ మొదటి మొక్క కంటే ముందే తేల్చుకోండి. మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరిస్తే నీళ్లు తక్కువ సరిపోతాయి, కాండానికి మాత్రం ఆనకూడదు. వసూలు చేసిన ప్రతి పైసా లెక్క నెలనెలా బోర్డు మీద పెట్టండి, మొక్కలు ఎండటం కన్నా లెక్కల దగ్గర అనుమానాలతోనే ఇలాంటివి ఎక్కువ ఆగిపోతాయి.

ఇంకోటి, బయటివాళ్లు రాకూడదు అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మధ్యాహ్నం కాసేపు నీడలో కూర్చోవాల్సిన కూలీకి, డెలివరీ కుర్రాడికి ఆ చోటు మీకంటే ఎక్కువ అవసరం.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎటు పడుతోందో ఒక కాగితం మీద గీసి పంపు, బెంచీలు ఎక్కడ వెయ్యాలో అది చూసి చెప్తా.

మీ పెదనాన్న