స్వరసందేహాలు: నలుగురు వయొలినిస్టులు, ఒకే కన్‌చెర్టో

ప్రశ్న: మా నలుగురు పిల్లలూ కర్ణాటక వయొలిన్ వాయిస్తారు, స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) చదవగలరు. ఇటలీ స్వరకర్త వివాల్డి నాలుగు వయొలిన్ల కన్‌చెర్టోను (సోలో వాద్యాలూ వాద్యబృందమూ కలిసి వాయించే రచన) పురమందిరంలో వాయించాలని వాళ్ల సరదా. ఆర్కెస్ట్రా లేకుండా వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వీలవుతుందండీ. 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ‘లెస్త్రో ఆర్మోనికో’ సంపుటిలో పదోది ఇది, బి మైనర్‌లో ఉంది. మొదటి ముద్రణలోనే ఎనిమిది పుస్తకాలు: వయొలిన్లకు నాలుగు, వయోలాలకు (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, మంద్రమైనది) రెండు, చెల్లోకు (కూర్చుని కాళ్ల మధ్య పెట్టుకుని వాయించే పెద్ద తీగవాద్యం) ఒకటి, బాస్‌కూ (అన్నిటికన్నా మంద్రమైన తీగవాద్యం) హార్ప్‌సికార్డ్‌కూ (పియానోకు ముందుకాలపు మెట్ల వాద్యం) ఉమ్మడిగా ఒకటి. వెనక వాయించే గుంపుకు విడిగా పుస్తకాల్లేవు. ఆ నలుగురే సోలోలూ వాయించాలి, అందరూ కలిసే చోటా వాయించాలి. అంటే తొమ్మిది మంది చాలు.

మన దగ్గర వయోలా దొరకడమే కష్టం. ఆ భాగాన్ని వయొలిన్‌కిస్తే, దాని అతి మంద్రమైన జి తీగకు కింద ఉన్న స్వరాలు పలకవు. వాటిని ఒక స్థాయి పైకెత్తితే మిగతా వయొలిన్లతో కలగాపులగం అవుతుంది. దానికన్నా కీబోర్డు కుడిచేతికి అప్పగించండి. హార్ప్‌సికార్డ్ ధ్వని పెట్టి, పెడల్ ముట్టుకోవద్దు. చెల్లోను మాత్రం వదులుకోకండి, దానికీ సోలో ముక్కలున్నాయి.

స-ప-స-ప శ్రుతి ఇక్కడ పనికిరాదు, జి-డి-ఎ-ఇ కావాలి. నడిమి రెండు తీగల మధ్య దూరం మారుతుంది కాబట్టి అలవాటైన వేళ్లు తప్పుతాయి. కిందికి దించి ఉంచిన మొదటి తీగను ఒక్కసారిగా ఇ దాకా బిగిస్తే తెగుతుంది. కచేరీకి కనీసం రెండు వారాల ముందే మార్చి, అలాగే ఉంచేయండి. శ్రుతిపెట్టె ఆపేయండి: చెవికి నటభైరవి, కీరవాణి ఛాయలు తగిలినా ఇది ఒకే షడ్జం మీద నిలిచే సంగీతం కాదు. గమకాలూ వద్దు, నాలుగు వయొలిన్ల స్వరం అతకదు.

అసలు పరీక్ష నడిమి భాగంలోని లార్గెట్టో (కాస్త నెమ్మదిగా సాగే ముక్క). అక్కడ రాగాలాపన ఏమీ లేదు, స్వరగుచ్ఛాలను ఒక్కో స్వరంగా విడదీసిన వరుసలే. నలుగురూ ఒకే స్వరగుచ్ఛాన్ని నాలుగు రకాల కమానుతో విడగొడతారు. ఒకరిది కలిపి లాగడం, ఇంకొకరిది విడివిడిగా తుంచడం. గట్టిగా వాయించేవాడి కమానునే మిగతా ముగ్గురూ తెలియకుండా పట్టేసుకుంటారు, దాంతో ఆ మెరుపంతా పోతుంది. ఒక్కొక్కరినీ మెట్రొనోమ్‌తో (లయను టిక్కుటిక్కుమని చూపే సాధనం) విడిగా, తర్వాత ఇద్దరిద్దరిని, చివరికి నలుగురినీ కూర్చోబెట్టండి. అదీ చాలా మెల్లగా, తక్కువ శబ్దంతో. ఈ ఒక్క పేజీకి మొదటి భాగమంత సాధన పెట్టినా తప్పులేదు.

మొదటి ఇద్దరు ఎడమవైపు, తర్వాతి ఇద్దరు కుడివైపు కూర్చుంటే సంభాషణ విడివిడిగా వినిపిస్తుంది. వయొలిన్లకు కాంటాక్ట్ మైకులు (వాద్యానికే అంటించేవి) తగిలించవద్దు. ఎండలోంచి ఏసీ గదిలోకి రాగానే శ్రుతి చేస్తే మళ్లీ చెదురుతుంది, ఇరవై నిమిషాలు ఆగి చేసుకోండి.

ప్రశ్న: జర్మన్ స్వరకర్త బాక్ నాలుగు హార్ప్‌సికార్డుల కన్‌చెర్టో కూడా ఇదేనటగా? ఆ రికార్డింగుతో వయొలిన్ సాధన చేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇదే. బాక్ దీన్ని ఎ మైనర్‌లోకి మార్చాడు, అంటే పూర్తి స్వరం కిందికి. కాబట్టి కలవదు. వయొలిన్ రికార్డింగుల్లోనూ చూసి ఎంచుకోండి. పాతకాలపు వాద్యాలతో వాయించే బృందాలు చాలావరకు ఎ స్వరాన్ని 440 కాకుండా 415 హెర్ట్జ్‌కు కట్టుకుంటాయి, అర స్వరం తక్కువ. మీ వయొలిన్ మార్చకుండా, ఫోన్‌లో ఆ రికార్డింగునే అర స్వరం పైకి జరుపుకోండి.