నామవాచకం తర్వాత ‘టు ఫిల్ ఇన్’, ‘టు లుక్ ఆఫ్టర్’ వంటివి వచ్చినప్పుడు చివరి చిన్న మాటను ఎందుకు వదలకూడదు?

అడిగిన ప్రశ్న ఇది: ‘ఐ హ్యావ్ ఎ ఫామ్ టు ఫిల్’ అని రాయాలా, ‘ఎ ఫామ్ టు ఫిల్ ఇన్’ అని రాయాలా, లేక ‘ఎ ఫామ్ టు ఫిల్ ఇట్ ఇన్’ అని రాయాలా? అలాగే ‘ది డెసిషన్ టు గివ్ అప్ ది జాబ్’ అన్నచోట ‘జాబ్’ అనే కర్మ క్రియ తర్వాత నిలిచి ఉండగా, ఫామ్ విషయంలో క్రియ తర్వాత ఏ కర్మా ఎందుకు ఉండదు? నేను నల్లగొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. అంతకు ముందు మహబూబ్‌నగర్ వైపు పనిచేశాను. రెండు చోట్లా పిల్లలు ఎక్కువగా తడబడే విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మూడింటిలో సరైనది ‘ఎ ఫామ్ టు ఫిల్ ఇన్’. మన ఆఫీసుల్లో తరచు వినిపించే ‘ఫిల్ అప్’ పెట్టినా, అమెరికన్లు వాడే ‘ఫిల్ అవుట్’ పెట్టినా పద్ధతి ఇదే.

చిక్కు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ముందు మన తెలుగు వాక్యాన్నే చూడాలి. ‘నేను కుర్చీ మీద కూర్చుంటాను’ అన్నప్పుడు ‘మీద’ ఉంది. అదే విషయాన్ని కుర్చీకి విశేషణంగా మార్చి ‘నేను కూర్చునే కుర్చీ’ అన్నామంటే ‘మీద’ పూర్తిగా పోతుంది, అయినా వినేవారికి ఏ లోటూ తోచదు. ‘పెన్నుతో రాస్తాను’ అనేది ‘రాసే పెన్ను’ అవుతుంది, ‘ఇంట్లో ఉంటాము’ అనేది ‘ఉండే ఇల్లు’ అవుతుంది. ‘కూర్చునే’, ‘రాసే’ వంటి ధాతుజ విశేషణం (క్రియ నుంచి పుట్టిన విశేషణం) వచ్చిందంటే విభక్తికి అక్కడ చోటు లేదు. మా వైపు ‘కూసోనీకి కుర్చీ లేదు, ఉండనీకి ఇల్లు లేదు’ అంటారు. అందులోనూ ‘మీద’ లేదు, ‘లో’ లేదు. ఈ అలవాటుతో ఇంగ్లీషుకు వచ్చిన విద్యార్థి ‘ఎ చైర్ టు సిట్’, ‘ఎ పెన్ టు రైట్’ అని రాస్తే అది తెలివితక్కువతనం కాదు, మాతృభాష నేర్పిన క్రమాన్ని నమ్మకంగా పాటించడమే. ఆ సంగతి విద్యార్థికి చెప్పకుండా ఎర్రసిరాతో కొట్టేసి పంపడం వల్ల ఏ ప్రయోజనమూ ఉండదని నా గట్టి అభిప్రాయం.

ఇంగ్లీషు ఆ చిన్న మాటను వదలదు. ‘ఐ సిట్ ఆన్ ది చైర్’ అనే వాక్యంలోంచి ‘చైర్’ను ముందుకు లాగితే వెనుక మిగిలేది ‘సిట్ ఆన్’. కాబట్టి ‘ఎ చైర్ టు సిట్ ఆన్’. తెలుగులో ‘మాట్లాడే మనిషి’ అంటే తాను మాట్లాడే మనిషి కావచ్చు, మనం ఎవరితో మాట్లాడతామో ఆ మనిషీ కావచ్చు, సందర్భమే తేల్చాలి. ఇంగ్లీషులో ‘సమ్‌వన్ టు టాక్’ అంటే మాట్లాడేందుకు ఒకరు, ‘సమ్‌వన్ టు టాక్ టు’ అంటే మన మాట వినేందుకు ఒకరు. ఆ చివరి ‘టు’ ఒక్కటే రెండు అర్థాలనూ విడదీస్తోంది.

‘సిట్ ఆన్’, ‘టాక్ టు’ అనేవి కచ్చితంగా చెప్పాలంటే ఫ్రేజల్ వర్బ్‌లు (క్రియ, చిన్న మాట కలిసి ఒకే అర్థాన్నిచ్చేవి) కావు; క్రియ పక్కన మామూలు ప్రిపొజిషన్ (నామవాచకానికి ముందు వచ్చే ‘ఆన్’, ‘టు’ వంటి మాట) చేరిన రూపాలు. నిజమైన ఫ్రేజల్ వర్బ్‌లో అయితే చిన్న మాట పోయిందంటే అర్థం కూడా పోతుంది. ‘లుక్ ఆఫ్టర్’ అంటే బాగోగులు చూసుకోవడం. ‘షి హ్యాజ్ ఎన్ ఓల్డ్ మదర్ టు లుక్ ఆఫ్టర్’ అన్న వాక్యంలో ‘ఆఫ్టర్’ తీసేస్తే మిగిలేది వాక్యమే కాదు. ‘ఎ లోన్ టు పే ఆఫ్’ అన్నప్పుడు అప్పు మొత్తం తీరిపోవాలన్న భావమంతా ‘ఆఫ్’లోనే ఉంది. పాలమూరు నుంచి ముంబైకి వలస వెళ్ళిన కుటుంబాల పిల్లలు నా తరగతిలో ఉండేవారు. ఇంటి సంగతులు రాయమంటే వాళ్ళకు సహజంగా అవసరమయ్యేవి ఈ వాక్యాలే. అందుకే నేను పుస్తకంలోని ఉదాహరణలను పక్కన పెట్టి, తీర్చాల్సిన అప్పు, చూసుకోవాల్సిన అవ్వ, తీసుకురావాల్సిన రేషను బియ్యం వంటి వాటితోనే వాక్యాలు రాయించేవాడిని.

మూడు మాటల క్రియలు వచ్చినప్పుడు తడబాటు ఇంకా పెరుగుతుంది. ‘లుక్ అప్ టు’ అంటే గౌరవంతో ఆదర్శంగా భావించడం, ‘లుక్ ఫార్వర్డ్ టు’ అంటే ఆశగా ఎదురుచూడడం, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం. వీటితో ‘ఎ టీచర్ టు లుక్ అప్ టు’, ‘సమ్‌థింగ్ టు లుక్ ఫార్వర్డ్ టు’, ‘ఎ లాట్ ఆఫ్ నాయిస్ టు పుట్ అప్ విత్’ అని రాయాలి. వాక్యం ‘టు’తో ముగియడం వింతగా తోచి పిల్లలు దాన్ని కొట్టేస్తారు. మొదటి ‘టు’ ఇన్ఫినిటివ్‌ది (‘టు’తో వచ్చే ‘టు లుక్’ వంటి క్రియారూపానిది), చివరి ‘టు’ క్రియలో భాగమైన ప్రిపొజిషన్. రెండూ వేర్వేరు మాటలు కాబట్టి రెండూ ఉండాల్సిందే.

వాక్యం ప్రిపొజిషన్‌తో ముగియకూడదని పాత పద్ధతి ఉపాధ్యాయులు కొందరు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ అభ్యంతరం పాతదే: 1672లో జాన్ డ్రైడెన్ అనే ఇంగ్లీషు కవి, తనకు ముందు తరానికి చెందిన బెన్ జాన్సన్ రాసిన అలాంటి వాక్యాన్ని తప్పుపట్టాడు. అయితే ఇంగ్లీషువాళ్ళు అప్పుడూ అలాగే మాట్లాడారు, ఇప్పుడూ అలాగే మాట్లాడుతున్నారు. మరీ లాంఛనంగా రాయాలంటే ‘ఎ చైర్ ఆన్ విచ్ టు సిట్’, ‘ఎ ఫ్రెండ్ ఆన్ హూమ్ టు రిలై’ అనవచ్చు. కానీ ‘ఎ ఫామ్ ఇన్ విచ్ టు ఫిల్’ అనడం మాత్రం కుదరదు. ‘ఫిల్ ఇన్’లోని ‘ఇన్’ ఫామ్‌కు చెందిన ప్రిపొజిషన్ కాదు, ‘ఫిల్’ను అంటిపెట్టుకుని దాని అర్థంలో భాగమైన చిన్న మాట, అంటే పార్టికల్; దాన్ని క్రియ నుంచి వేరుచేసి ‘విచ్’ ముందుకు తీసుకుపోలేము.

ఇక ‘ఫిల్ ఇట్ ఇన్’ ఎందుకు తప్పో చూద్దాం. నింపాల్సినది ఫామే, అది ముందే వచ్చేసింది. క్రియ తర్వాత దాని స్థానం ఖాళీగానే ఉండాలి, మళ్ళీ ‘ఇట్’తో నింపకూడదు. తెలుగులో ‘నింపాల్సిన ఫారం’ అన్నప్పుడు మనమూ ‘దాన్ని’ అని చేర్చము కాబట్టి, ఈ ఒక్క విషయంలో మాతృభాష మనకు తోడుగానే ఉంది.

‘డెసిషన్’ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ‘ది డెసిషన్ టు గివ్ అప్ ది జాబ్’లో వదిలేస్తున్నది ఉద్యోగాన్ని, నిర్ణయాన్ని కాదు. ఇన్ఫినిటివ్ ఇక్కడ ఆ నిర్ణయం ఏమిటో చెబుతోంది, అందువల్ల కర్మ తన చోట తాను నిలబడి ఉంటుంది. ‘అటెంప్ట్’, ‘ప్లాన్’, ‘ప్రామిస్’, ‘ఎబిలిటీ’, ‘పర్మిషన్’, ‘రెఫ్యూజల్’ ఈ కోవలోవే. దీన్ని గుర్తించడానికి నేను చెప్పే ఉపాయం తెలుగులోనే ఉంది: ‘ఉద్యోగం వదిలేయాలనే నిర్ణయం’ అన్నట్టు మధ్యలో ‘అనే’ ఇమిడితే అది తప్పకుండా ‘డెసిషన్’ వంటి ఈ రెండో రకమే, ‘ఫామ్’ వంటి మొదటి రకం కాదు; ‘నింపాలనే ఫారం’ అని ఎవరూ అనరు. ‘శక్తి’, ‘ప్రయత్నం’ వంటి వాటి దగ్గర ‘అనే’ లేకుండా ‘చేసే శక్తి’, ‘చేసే ప్రయత్నం’ అంటాము కాబట్టి, ‘అనే’ కుదరనంత మాత్రాన అది మొదటి రకమని తేల్చేయకూడదు. ఒకే మాట రెండు రకాలుగా రావడమూ ఉంది. ‘వి హ్యావ్ ఎ ప్లాన్ టు క్యారీ అవుట్’ అంటే అమలు చేయాల్సిన పథకం. ‘వి హ్యావ్ ఎ ప్లాన్ టు క్యారీ అవుట్ రిపేర్స్’ అంటే మరమ్మతులు చేయాలనే పథకం. ‘అవుట్’ తర్వాత కర్మ ఉందా లేదా అన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

ఈ కోవలో చేరినట్టే కనిపించి చేరనివి కొన్ని ఉన్నాయి. ‘హ్యాబిట్’, ‘పాసిబిలిటీ’ తర్వాత ఇన్ఫినిటివ్ కాకుండా ‘ఆఫ్’ పెట్టి ‘ఇంగ్’ రూపం రాయాలి: ‘ది హ్యాబిట్ ఆఫ్ గెటింగ్ అప్ అర్లీ’. కర్తగా వచ్చే నామవాచకాలతో ఏ చిక్కూ లేదు. ‘ది లాస్ట్ బస్ టు సెట్ ఆఫ్ ఫ్రమ్ దేవరకొండ’లో బయలుదేరేది బస్సే.

రెండో రకంలో కర్మ సర్వనామమైతే స్థానం మారుతుంది. ‘ది డెసిషన్ టు పుట్ ఆఫ్ ది మీటింగ్’, ‘టు పుట్ ది మీటింగ్ ఆఫ్’ రెండూ సరే. సర్వనామంతో మాత్రం ‘టు పుట్ ఇట్ ఆఫ్’ ఒక్కటే సరి. ‘లుక్ ఆఫ్టర్’ విడిపోయే క్రియ కాదు, అందుకే ‘ది ప్రామిస్ టు లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. ఏది విడిపోతుందో, ఏది విడిపోదో సూత్రంతో ఊహించలేము. విద్యార్థుల కోసం తయారుచేసిన నిఘంటువులో చూడాలి. అందులో ‘సమ్‌థింగ్’ అనే మాట క్రియకూ పార్టికల్‌కూ నడుమ కనిపిస్తే విడిపోయేదని, చివర మాత్రమే కనిపిస్తే విడిపోనిదని అర్థం. కొత్త ఫ్రేజల్ వర్బ్‌ను నోటుపుస్తకంలో రాసుకునేటప్పుడు ఆ ‘సమ్‌థింగ్’ను కూడా దాని చోటులోనే రాసుకోండి.