వలస వెళ్లినవాళ్లు ఉద్యోగం కాకుండా సొంత వ్యాపారంలోకే ఎందుకు దిగుతారు?

"వ్యాపారం వాళ్ల రక్తంలోనే ఉంది" అని చాలామంది తేల్చేస్తారు కానీ అందులో సగం కూడా నిజం లేదు. అమెరికాలో మోటెళ్లు (కార్లలో వెళ్లేవాళ్లు రాత్రికి బస చేసే చిన్న హోటళ్లు) నడిపే గుజరాతీ పటేళ్లనే తీసుకోండి. చాలామందివి ఊళ్లో వ్యవసాయం చేసుకునే కుటుంబాలు. కొందరైతే 1972లో ఉగాండా నియంత ఈదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఆ దేశం నుంచి వెళ్లగొట్టాక అమెరికా చేరినవాళ్లు. ఇంగ్లీషు అంతంతమాత్రం, తెచ్చుకున్న డిగ్రీకి విలువ లేదు, మరి ఉద్యోగం ఎవరిస్తారు?

1973 చమురు సంక్షోభం తర్వాత హైవే పక్క మోటెళ్లు చాలా చవగ్గా అమ్మకానికి వచ్చాయి. కొన్నాక అందులోనే కాపురం పెట్టారు కాబట్టి ఇంటద్దె మిగిలింది, భార్యాభర్తలే గదులు ఊడ్చి దుప్పట్లు ఉతికేవాళ్లు, పిల్లలు స్కూలు నుంచి వచ్చి కౌంటర్లో కూర్చునేవాళ్లు, అలా జీతాలూ మిగిలాయి. (ఆ ఇంటి చాకిరీని విజయగాథల్లో ఎవరూ లెక్కేయరు, అది వేరే సంగతి.) బ్యాంకు అప్పివ్వకపోతే బంధువులు నోటిమాట మీదే డబ్బు సర్దేవాళ్లు. నన్నడిగితే అసలు కీలకం ఇదే.

మన తెలుగువాళ్లు అక్కడ ఎక్కువగా ఉద్యోగాల్లోనే కనిపిస్తారంటే ధైర్యం లేక కాదు. హెచ్‌-1బీ వీసా మనిషిని ఒక కంపెనీకి కట్టేస్తుంది, దాని మీద ఉంటూ పక్కన దుకాణం పెట్టుకుని కౌంటర్లో కూర్చోవడం కుదరదు. అందుకే చాలామంది గ్రీన్‌ కార్డు చేతికొచ్చాకే కన్సల్టెన్సీయో బిర్యానీ హోటలో మొదలుపెడతారు.